జ్వరమంటే భయపడే పిల్లలు మీ తరగతిలో ఉన్నారు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గురువులకు నమస్కారాలు.

నేను కావలి దగ్గరి ఒక పల్లెలో పుట్టి, అక్కడి ప్రభుత్వ బడిలోనే పదో తరగతి వరకు చదువుకుని, ఇప్పుడు నెల్లూరులో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థినిని. మూడో తరగతి చదువుతుండగా నాకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా వచ్చింది. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. రక్తం తయారయ్యే ఎముక మజ్జలో, పక్వానికి రాని తెల్ల కణాలు అదుపు లేకుండా పెరిగిపోయి మిగతా కణాలకు చోటు లేకుండా చేస్తాయి. చెన్నైలో చికిత్స జరిగింది. అది పూర్తయి పదేళ్ళు దాటింది. ఏడాదికోసారి పరీక్షలకు వెళ్ళిరావడం తప్ప నాకిప్పుడు మందులేమీ లేవు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా బంధువుల పిల్లవాడు. అదే జబ్బుకు గట్టి కీమో దశ దాటి, ఇంటి దగ్గరే మాత్రలు మింగే దశకు వచ్చాడు. బడికి పంపవచ్చని డాక్టరు రాసిచ్చారు. జూన్‌లో బడి తెరిచిన రోజు కొత్త సంచీ తగిలించుకుని వాళ్ళమ్మతో వెళ్ళాడు. బడివాళ్ళు ఆ కాగితం చదివి, ఎంతో మర్యాదగా, ఎంతో జాలిగా, "ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకోండమ్మా, ఇక్కడ ఏదైనా అయితే మేం ఏం సమాధానం చెప్పుకోగలం" అని పంపేశారు. ఆ సాయంత్రం వాడు నన్ను అడిగిన మాట ఇది: "అక్కా, డాక్టరు తగ్గిందన్నాడు, సారు వద్దన్నాడు. ఇద్దర్లో ఎవరికి తెలుసు?"

ఆ బడి పేరు రాయను. అక్కడివాళ్ళు చెడ్డ మనసుతో ఆ మాట అనలేదని నాకు తెలుసు, అటువంటి బడి అదొక్కటే కాదనీ తెలుసు. అయితే, చిన్నతనంలో క్యాన్సర్ నుంచి బయటపడిన మనిషి తన జీవితాన్ని ఎలా చూస్తాడన్నది ఆ జబ్బు ఒక్కటే నిర్ణయించదని, బడికి తిరిగివచ్చిన మొదటి ఏడాదిలో పెద్దలు తనతో ఎలా మసలుకున్నారన్నదాన్ని బట్టి అందులో సగానికి పైగా స్థిరపడిపోతుందని నా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో మీకు చెప్పుకోవాలని ఈ ప్రయత్నం.

ముందుగా కొన్ని వాస్తవాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారదశలో ఉన్నవారికి క్యాన్సర్ వస్తోంది. ధనిక దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా బతికి బయటపడుతున్నారు. పేద, మధ్యాదాయ దేశాలు చాలావాటిలో ఆ సంఖ్య 30 శాతం లోపే. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది పిల్లలు బతకాలన్న లక్ష్యంతో ఆ సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మన వైపు నుంచి చెన్నైకి, వేలూరుకు, తిరుపతికి, హైదరాబాదుకు వెళ్ళి చికిత్స చేయించుకుని వచ్చే పిల్లలు ఇప్పటికే ఉన్నారు. చికిత్స మెరుగుపడేకొద్దీ తిరిగివచ్చేవాళ్ళు ఇంకా పెరుగుతారు. తిరిగివచ్చినవాళ్ళు ఎక్కడికి వస్తారు? మీ దగ్గరికే వస్తారు.

నాకు వచ్చిన జబ్బుకు చికిత్స మొత్తం రెండు, రెండున్నర, ఒక్కోసారి మూడేళ్ళు పడుతుంది. అందులో మొదటి కొన్ని నెలలే ఆసుపత్రిలోను, దాని చుట్టుపక్కల అద్దె గదుల్లోను గడుస్తాయి. మిగతా కాలమంతా రోజూ ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్ష, వెన్నులో సూది. ఈ దశలో, డాక్టరు సరేనంటే, పిల్లలు బడికి రావచ్చు, రావాలి కూడా. ఇది అంటుకునే జబ్బు కాదు. పక్కన కూర్చున్న పిల్లలకు మావల్ల ఏ ప్రమాదమూ లేదు, వాళ్ళ జలుబు, జ్వరం, ఆటలమ్మ మాకు అంటుకుంటేనే ప్రమాదం. అందువల్ల తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గాని తట్టు గాని కనబడితే ఆ రోజే మా ఇంటికి ఫోన్ చేయండి. వెంటనే తెలిస్తే డాక్టర్లు ముందుజాగ్రత్త మందు ఇవ్వగలరు. మాకు ఒళ్ళు వెచ్చబడితే మీ బీరువాలోని పారాసిటమాల్ ఇచ్చి బెంచీ మీద పడుకోబెట్టకుండా ఆ గంటలోనే ఇంటికి కబురు చేయండి, ఎందుకంటే తెల్లకణాల సంఖ్య తగ్గి ఉన్న పిల్లలకు జ్వరమంటే ఆసుపత్రికి పరుగెత్తవలసిన విషయం. మీ మీద పడుతుందని మీరు భయపడే బాధ్యతలో చాలా భాగం ఈ రెండు ఫోన్లే.

ఇక్కడ సైన్సు చెప్పే గురువులతో చిన్న మాట. ఆ మెథోట్రెక్సేట్ పుట్టుకలో మన తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచే కణాలు పెరగడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 1947-48 కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా పిల్లలకు ఇచ్చినప్పుడు, అంతవరకు వారాల్లో ప్రాణం తీసే ఆ జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గడం వైద్యలోకం చూసింది. ఆ మందు కోవకు చెందినదే నేను వారం వారం మింగిన మాత్ర. ఈ సంగతి నాకు బడిలో ఎవరూ చెప్పలేదు, డిగ్రీకి వచ్చాక తెలిసింది. తొమ్మిదేళ్ళప్పుడు తెలిసి ఉంటే ఆ చేదు మాత్రలను ఇంకొంచెం గౌరవంగా మింగి ఉండేదాన్నేమో.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ వయసులో అంత జబ్బు చేసిన పిల్లలకు లోకం ఎలా కనబడుతుందో పెద్దలు ఊహించుకునే తీరుకూ, అది నిజంగా ఉండే తీరుకూ పొంతన ఉండదు. మేము ఎప్పుడూ చావు గురించి ఆలోచిస్తుంటామని మీరు అనుకుంటారు. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత తీరిక ఉండదు. నాకు గుర్తున్నది అంకెలు. పొద్దున నర్సు రక్తం తీసుకువెళ్ళేది, మధ్యాహ్నానికి కాగితం వచ్చేది, ఆ కాగితం చూసి అమ్మ మొహం మారేది. అమ్మ మొహం ఎందుకు మారుతుందో తెలుసుకోవాలని నేనే ఆ కాగితం చదవడం నేర్చుకున్నాను. దశాంశ బిందువు నాకు ఐదో తరగతి లెక్కల పుస్తకంలో పరిచయం కాలేదు, హిమోగ్లోబిన్ 7.2 కంటే 7.9 మేలని, రక్తం ఎక్కించాక 10.4 అయితే ఇంటికి పంపే ఆశ ఉందని మంచం మీదే నేర్చుకున్నాను. లక్షలు, వేలు కూడా అంతే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటితే చాక్లెట్, 20 వేలకు పడిపోతే పళ్ళు తోముకోవడానికి కూడా మెత్తటి బ్రష్షు. బడికి తిరిగివచ్చాక లెక్కల మాస్టారు దశాంశాలు మొదలుపెట్టిన రోజు నేను టకటకా చెబుతుంటే, రెండేళ్ళు బడికి రాని పిల్లకు ఇవెలా వచ్చాయని ఆయన ఆశ్చర్యపోయారు గాని, ఎక్కడ నేర్చుకున్నావని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆసుపత్రిలో గడిచిన కాలాన్ని చదువు పోయిన కాలంగా మాత్రమే లెక్కగట్టకండి. నేను అక్కడే తమిళం మాట్లాడడం నేర్చుకున్నాను, వార్డులో ఉన్న బెంగాలీ పిల్లతో సైగలతో పోట్లాడడం, మళ్ళీ స్నేహం చేసుకోవడం నేర్చుకున్నాను, మందు సీసా మీది పేరు చూడకుండా ఏ నర్సునూ చేయి పట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఈ మూడోది ఇప్పటికీ పోలేదు. బ్యాంకు కాగితమైనా, కాలేజీ ఫారమైనా పూర్తిగా చదవనిదే సంతకం పెట్టను.

జుట్టు సంగతి మీకు తెలిసిందే. కీమోకు రాలిపోతుంది. అయితే ఈ విషయంలో మన ప్రాంతం మమ్మల్ని కొంత కాపాడింది. గుండుతో ఉన్న ఆడపిల్లను చూస్తే మన వాళ్ళెవరికీ జబ్బు గుర్తుకు రాదు. "తిరుపతి పోయొచ్చారా?" అంటారు, లేదా "పెంచలకోనలో మొక్కా?" అంటారు. మా అమ్మ కావలి స్టేషన్లో పినాకిని ఎక్కేటప్పుడు అడిగినవాళ్ళందరికీ అవునమ్మా అని చెప్పేది. నాకూ ఆ అబద్ధం హాయిగానే ఉండేది. ఇబ్బంది వచ్చింది జుట్టుతో కాదు, మొహంతో. స్టెరాయిడ్ మాత్రలకు బుగ్గలు పొంగి, మొహం గుండ్రంగా ఉబ్బి, ఆకలి విపరీతంగా పెరిగి, అన్నం తిన్న గంటకే మళ్ళీ అన్నం అడిగేదాన్ని. అది చూసి బలిసిందన్న పిల్లలను నేను తప్పుపట్టను. మధ్యాహ్న భోజనం దగ్గర వరుసలో నేను రెండోసారి నిలబడినప్పుడు నవ్విన పెద్దవాళ్ళను గురించి మాత్రం ఇప్పటికీ అదే మాట చెప్పలేను.

కాలం గురించి చెప్పాలి, ఎందుకంటే మీకూ మాకూ మధ్య అపార్థాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. తిరిగివచ్చిన తొలి రోజుల్లో ఒక టీచరు, పెద్దయ్యాక ఏమవుతారో పది వాక్యాలు రాయమన్నారు. అందరూ డాక్టరు, కలెక్టరు, పోలీసు అని రాశారు. నేను, వచ్చే నెల చెన్నైలో కౌంట్లు (రక్తకణాల సంఖ్యలు) బాగుంటే దసరాకు అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళతాను అని రాశాను. ఆవిడ ఎర్ర సిరాతో "ప్రశ్నకు సంబంధం లేదు" అని రాసి సున్నా వేశారు. నిజానికి అంతకంటే సంబంధమున్న జవాబు నా దగ్గర లేదు. చికిత్స అయ్యాక పరీక్షలు మొదట నెలనెలా, తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు, చివరికి ఏడాదికోసారి ఉంటాయి. మా భవిష్యత్తు ఆ రెండు పరీక్షల మధ్య ఉన్న దూరమంతే పొడవు ఉంటుంది. ఆ దూరం పెరిగినకొద్దీ మా ఆలోచన కూడా పొడవు సాగుతుంది. ఇంటర్ చదివే రోజుల్లో కూడా, రెండేళ్ళ తర్వాత వచ్చే ర్యాంకు కోసం ఈ రోజు నిద్ర మానుకోవాలన్న మాట నా తలకెక్కేది కాదు. నెల్లూరులో ఇంటర్ చదివిన ఎవరికైనా తెలుసు, ఆ మాట తలకెక్కని పిల్లను అక్కడ ఏమంటారో. లక్ష్యం లేదంటారు.

అలాగని క్యాన్సర్ దాటిన పిల్లలంతా మార్కులను లెక్కచేయని వేదాంతులని అనుకోవద్దు. నాతో పాటు చికిత్స పొందిన ఒంగోలు వైపు అమ్మాయి సరిగ్గా దీనికి తలకిందులు. తనకోసం వాళ్ళ నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ అమ్ముకున్నాడని, అది తిరిగి కొనిచ్చేదాకా తాను సెలవు తీసుకోకూడదని తీర్మానించుకుని చదివింది. ఇది చాలామందిలో ఉంటుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించినా వర్తించకపోయినా, ప్రయాణాలు, గది అద్దె, నెలల తరబడి పోయిన కూలి కుటుంబం మీదే పడతాయి. మా నాన్న అల్లూరు దగ్గరి అర ఎకరం మాగాణి అమ్మి, ఆ తర్వాత వేరేవాళ్ళ రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకు కుదిరారు. పిల్లలకు ఇవేవీ తెలియవని పెద్దలు అనుకుంటారు. తలుపు అవతల మాట్లాడిన ప్రతి రూపాయీ మాకు తెలుసు. కాబట్టి మీరు, "మీ అమ్మానాన్నలు నీకోసం ఎంత ఖర్చుపెట్టారో గుర్తుపెట్టుకుని చదువుకో" అని మంచికోసమే చెప్పినా, ఆ మాట చెప్పకండి. అది మేము మరిచిపోయి ఉంటే గదా గుర్తుచేయడానికి.

ఇప్పుడు వేదిక గురించి. ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం, ఫిబ్రవరి 15 అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం. ఆ రోజుల్లో ప్రార్థన సమావేశంలో మమ్మల్ని ముందుకు పిలిచి, శాలువా కప్పి, ధైర్యంతో క్యాన్సర్‌ను జయించిన బాలిక అని పరిచయం చేయడం కొన్ని బడుల్లో ఉంది. ఎనిమిదో తరగతిలో నాకూ జరిగింది. మైకు ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది మా వార్డులో పక్క మంచం పిల్లవాడు. మార్కాపురం వైపు వాడు. నాకంటే చాలా ధైర్యవంతుడు. వెన్నులో సూది వేసేటప్పుడు నేను ఆసుపత్రి కప్పు ఎగిరేలా ఏడిస్తే, వాడు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వంకీలా ముడుచుకుని, "కానియ్యండి సార్" అనేవాడు. ఇంజెక్షన్ అయ్యాక తల ఎత్తకుండా పడుకోవాలంటే, ఇద్దరం పక్కపక్క మంచాల మీద వెల్లకిలా పడుకుని పైనున్న ఫ్యాను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కబెట్టే పందెం పెట్టుకునేవాళ్ళం, ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పినా కనుక్కునే దారి లేదు గనుక ఇద్దరమూ గెలిచేవాళ్ళం. వాడికి జబ్బు తిరగబెట్టింది. ఆ తర్వాతి సారి మేము వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే పిల్ల ఉంది. అమ్మను అడిగితే, ఊరికి వెళ్ళిపోయాడని చెప్పి, నా జడ లేని తలకు నూనె రాయడం మొదలుపెట్టింది. నేను మళ్ళీ అడగలేదు.

ధైర్యం వల్ల నేను బతికానని మీరు మైకులో చెబితే, వాడు ధైర్యం చాలక చనిపోయాడని అర్థం. దేవుడు నన్ను ప్రత్యేకంగా చూశాడని చెబితే, వాణ్ణి చూడలేదని అర్థం. మా జబ్బు ఏ రకం, శరీరం మందుకు ఎలా స్పందించింది, ఎంత తొందరగా గుర్తించారు, మధ్యలో ఇన్ఫెక్షన్ వచ్చిందా లేదా, మందులు ఆపకుండా వాడగలిగారా అనేవాటి మీద ఆధారపడిన ఫలితాన్ని ఒక పిల్ల గుణానికి ముడిపెట్టడం ఆ పిల్లకు భారం. బతికి బయటపడిన చాలామందిలో ఈ మూగ అపరాధ భావం ఉంటుంది, శాలువా కప్పిన కొద్దీ అది పెరుగుతుంది. పెద్ద ఆపద దాటిన మనుషుల్లో కొందరు మునుపటికంటే లోతుగా ఎదుగుతారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ 1990లలో ఒక సిద్ధాంతం చెప్పారు. దాన్ని ఉటంకించేవాళ్ళు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది: ఆ ఎదుగుదల ఆపద ఇచ్చే బహుమానం కాదు, ఆపద తర్వాత మనిషి పడే పెనుగులాటలోంచి వస్తుందనీ, ఎదుగుదల వచ్చినంత మాత్రాన బాధ పోదనీ, రెండూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయనీ వాళ్ళే చెప్పారు. నా అనుభవం కూడా అదే. చిన్న విషయాలకు సంతోషపడడం నాకు బాగా వచ్చు. అదే మనిషిని, 99 డిగ్రీల జ్వరం వస్తే అర్ధరాత్రి అద్దం ముందు నిలబడి మెడ కింద బిళ్ళలు కట్టాయేమోనని తడుముకుంటాను.

మనలో కృతజ్ఞత చెప్పుకోవడానికి వేదిక ఎక్కనవసరం లేని పద్ధతి ఒకటి ఉంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఏ కోరిక ఉన్నవాళ్ళు ఆ కోరిక పేరున్న రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు మరుసటి ఏడు అదే పేరున్న రొట్టె తెచ్చి అడిగినవాళ్ళకు ఇస్తారు. మా అమ్మ ఆరోగ్య రొట్టె తీసుకుంది, నా చికిత్స అయ్యాక తీసుకువెళ్ళి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు పుచ్చుకునే ఆమె, ఎవరికి బాగాలేకపోతే బాగయిందని మా అమ్మను అడగలేదు, మా అమ్మా ఆమెను అడగలేదు. బడిలో కూడా పిల్లలు తమంతట తాము చెప్పుకోవాలనుకుంటే తప్పకుండా చెప్పనివ్వండి. ముందు విడిగా పిలిచి అడగండి, వద్దంటే ఇంకోసారి అడగకండి.

ఈ విషయంలో ఆడపిల్లల ఇబ్బంది మరొకటి. ఊరంతా తెలిస్తే రేపు సంబంధాలు రావని తల్లిదండ్రులు భయపడతారు. ఈ లేఖ కింద నా పేరు లేకపోవడానికి కారణం కూడా అదే. నాకోసం కాదు, మా అమ్మకు ఇచ్చిన మాట కోసం. నా మటుకు నేను, జరగబోయే సంబంధం ఏదైనా ఈ సంగతి చెప్పిన తర్వాతే అని ఇంట్లో స్పష్టంగా చెప్పాను. పిల్లలు పుడతారా, జబ్బు తిరిగివస్తుందా, వంశంలో ఉందా అని అడుగుతారు. అడగనివ్వండి, ఫైలు నా దగ్గరే ఉంది. వాడిన మందులను, వాటి మోతాదును బట్టి సంతానం విషయంలో ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కోలా ఉంటుంది గనుక దానికి సమాధానం చెప్పవలసింది మా డాక్టరు, వీధిలోవాళ్ళు కాదు. అయితే ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది మా నిర్ణయంగా ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో మాట్లాడుకున్న మాట సాయంత్రానికి వీధి చివరి కొట్టుకు చేరిపోతుందని మీకు నేను చెప్పనవసరం లేదు.

చికిత్స పూర్తయ్యాక కూడా కొన్ని సంగతులు మిగులుతాయి. ఎర్ర కీమో అని మేము పిలిచే మందులు గుండె కండరాన్ని దెబ్బతీయవచ్చు, అందుకే అప్పుడప్పుడు ఎకో అనే గుండె పరీక్ష తీయించుకోవాలి. వెన్నులోకి ఇచ్చే మందులు, తలకు ఇచ్చే రేడియేషన్ కొందరిలో ఏకాగ్రతను, జ్ఞాపకాన్ని, పని చేసే వేగాన్ని తగ్గిస్తాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వాడిన పిల్లలకు వినికిడి తగ్గవచ్చు. కంటి క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఒక కన్ను కృత్రిమంగా ఉండవచ్చు, మూత్రపిండానికి వచ్చినవాళ్ళు ఒక్క కిడ్నీతో తిరుగుతుండవచ్చు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చికిత్స అయిపోయిన పిల్లలకోసమే 1991లో ప్రత్యేక క్లినిక్ పెట్టారంటే, ఇదంతా అప్పటికే వైద్యులకు తెలిసిన విషయమన్నమాట. బడికి మాత్రం ఇంకా తెలియదు. నాకు చదివింది అర్థమవుతుంది, రాయడం నెమ్మది. పదో తరగతి సోషల్ పరీక్షలో చివరి పేజీ తెలిసి కూడా వదిలేశాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో తలసేమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ ఉన్నాయి గాని క్యాన్సర్ లేదు. కాబట్టి పైకి ఏ లోపమూ కనబడని మావంటివాళ్ళకు పరీక్షలో అదనపు సమయం హక్కుగా దొరకడం కష్టం. చట్టం మార్చడం మీ చేతిలో లేదు. యూనిట్ పరీక్షలో పది నిమిషాలు ఎక్కువ ఇవ్వడం, నెమ్మదిగా రాసే పిల్లను సోమరి అనకపోవడం, సరిగా వినబడని పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టడం మీ చేతిలోనివే.

ఆటల విషయంలో కూడా అంతే. పీఈటీ సారు నన్ను మూడేళ్ళు చెట్టుకింద కూర్చోబెట్టి అందరి చెప్పులకూ వాచీలకూ కాపలా పెట్టారు. ఆయన ప్రేమ నాకు తెలుసు. కానీ గుండె పరీక్ష బాగుందని, పరుగెత్తవచ్చని ఫైలులో రాసి ఉంది. ఆ ఫైలు ఆయన అడగలేదు, మా ఇంట్లో కూడా ఎవరూ తీసి చూపించలేదు. తొమ్మిదో తరగతిలో కొత్తగా వచ్చిన సారుకు నా సంగతి తెలియదు, ఖోఖోలో చేర్చుకున్నారు. మొదటి రోజు మోకాలు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. కాసేపటికి దానంతట అదే ఆగిపోయింది. ప్లేట్‌లెట్లు బాగున్నాయన్న సంగతి ఏ కాగితమూ లేకుండా నాకు తెలిసిన మొదటి సందర్భం అది.

విద్యాశాఖ అధికారులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. దీర్ఘకాల చికిత్సలో ఉన్న పిల్లల పేరు హాజరు తక్కువని తొలగించవద్దని, డాక్టరు రాసిచ్చిన పిల్లను బడి వెనక్కి పంపవద్దని, జ్వరం, ఆటలమ్మ వంటి సందర్భాల్లో ఏం చేయాలో, ఆ పిల్ల వివరాలు ఎవరెవరికి తెలియాలో చెబుతూ ఒక పేజీ సర్క్యులర్ రెండు జిల్లాల్లోని ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నింటికీ పంపండి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న పిల్లల వైద్యులను ఒక పూట పిలిపించి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడించండి. మా బంధువుల పిల్లవాడి విషయం ప్రస్తుతానికి ఇలా తేలింది: వాళ్ళ ఊరి ప్రభుత్వ బడిలో చేర్చుకున్నారు. అక్కడి టీచరు చేసిన పనల్లా, డాక్టరు ఫోన్ నంబరు తన హాజరు పట్టీ అట్ట లోపల రాసుకుని, వాణ్ణి రెండో వరుసలో కూర్చోమనడం. ఇంటిపని చేయలేదని నిన్న తిట్టారట కూడా. వాడు ఆ సంగతి నాకు ఫోన్లో గొప్పగా చెప్పుకున్నాడు.

ఇంకొక్క మాట ఉంది. మా ఇంట్లో ఇద్దరం. నేను చెన్నైలో ఉన్నప్పుడు ఒకటో తరగతి చదువుతున్న మా తమ్ముణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలారు. అక్కకు ఏమైందో వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చేసిన అల్లరివల్లే జబ్బు వచ్చిందనుకుని, తాను అల్లరి చేస్తే తనకూ వస్తుందని వాడు మాట్లాడడం తగ్గించేశాడు. బుద్ధిమంతుడని బడిలో మెచ్చుకున్నారు. క్యాన్సర్ వచ్చిన పిల్ల అక్కో, చెల్లెలో, తమ్ముడో మీ బడిలో చదువుతుంటే, ఉన్నట్టుండి బుద్ధిమంతులైపోయినవాళ్ళను ఒకసారి పక్కకు పిలిచి, అన్నం ఎవరు పెడుతున్నారని, రాత్రి ఎవరి దగ్గర పడుకుంటున్నారని అడగండి. వాళ్ళు ఏమీ చెప్పకపోతే మరుసటి వారం మళ్ళీ అడగండి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని,
కావలి ప్రాంతం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.